సంపాదకుని మాట: గూడెం పొలిమేరలో బెరుకు

తెలియని ఊరికి సువార్త సేవకై, అనగా క్రీస్తు బోధను మాటతోనూ ఆచరణతోనూ అందించే పనికై, బయలుదేరే వ్యక్తిని ముందుగానే కలవరపెట్టే బెరుకు విశ్వాసలోపం కాదు. ఎదుటివారి జీవితం తనకు తెలియదన్న ఎరుక నుంచే అది పుడుతుంది. ఈ సంచిక ఆ బెరుకును పరిశీలిస్తుంది.

తెలియని ప్రాంతానికి సేవకై వెళ్లడం మన సీమకు కొత్త కాదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు స్థాపించిన భారతీయ మిషనరీ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను సేవాక్షేత్రంగా ఎంచుకోగా, సంఘ స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో స్వయంగా అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఉత్తర తెలంగాణలో, కేరళ మూలాలు గల సీరో-మలబార్ సంఘానికి చెందిన ఆదిలాబాద్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పర్యవేక్షణలోని పరిధి, 1999లో ఏర్పడింది.

అదే ఆదిలాబాద్ ప్రాంతంలోని ఉట్నూర్ గూడేలకు వెళ్లే సేవకునికి తెలుగు ఒక్కటే చాలదు. గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ వినిపించే ఈ సీమలో పట్లా అని పిలిచే గోండు గ్రామపెద్దను ముందుగా కలవడం, పేన్‌లనే వంశదైవాలపై అక్కడివారికున్న భక్తిని గౌరవించడం, బోధించేకంటే ముందు వినడం అవసరం. విశ్వాసం స్వేచ్ఛగా కలిగేదే తప్ప ఒత్తిడితోనో ఆశచూపో కలిగించేది కాదు.

బెరుకును దాచుకోక వినయంగా మలచుకున్నవారే మంచి అతిథులవుతారు. సేవకు సిద్ధపడుతున్న యువత ఈ వ్యాసాలను ఆ దృష్టితో చదవాలని సంపాదకవర్గం కోరుతోంది.