కమీషన్ లింకుల్లో చిక్కులు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌తో జనం ఇళ్లలోనే ఉండి ఆన్‌లైన్‌లో తెగ కొంటున్న సమయంలో, అమెరికాలో అమెజాన్ తన అఫిలియేట్ల (తమ లింకుల ద్వారా సరుకు అమ్మించేవారి) కమీషన్‌కు కోత పెట్టింది. ఫర్నిచర్ మీద 8 శాతం ఉన్నది 3కి, కిరాణా మీద 5 ఉన్నది 1కి పడిపోయింది. వంద డాలర్ల కుర్చీ అమ్మించినవారికి ఎనిమిది డాలర్లు రావాల్సిన చోట మూడే. వెబ్‌సైట్ వాళ్లది, ఏళ్ల శ్రమ వాళ్లది. రేటు నిర్ణయించే హక్కు మాత్రం వాళ్లకు లేదు. ఒకే కంపెనీని నమ్ముకోవడంలో అసలు ప్రమాదం ఇదే.

కొత్తవాళ్లు అమెజాన్ నిబంధనలు చదవకుండానే ఈ పనిలోకి దిగుతున్నారు. లింకు నొక్కిన 24 గంటల్లోగా వస్తువు కార్టులో చేరకపోతే కమీషన్ రాదు. కొన్నవారు వాపసు చేస్తే వచ్చిందీ పోతుంది. సొంత లింకుతో తానే కొనుక్కుంటే చెల్లదు. ఖాతా తెరిచిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు లేకపోతే ఆ ఖాతానే మూసేస్తారు.

వీటన్నిటికన్నా బాధపెట్టేది కమీషన్ సంగతి దాచడం. మిక్సీ చేత్తో పట్టుకోకుండానే ‘బెస్ట్ మిక్సీ ఇదే’ అని రాస్తే, ఆ మాట నమ్మి జీతంలోంచి నాలుగు వేలు తీసి కొన్న ఇల్లాలికి ఎవరు జవాబు చెబుతారు? కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ప్రచారం ఏ భాషలో ఉంటే, ప్రచారం చేసేవారు తమకు డబ్బు ముడుతోందన్న సంగతీ ఆ భాషలోనే చెప్పాలి. తెలుగు వీడియో చేసి, కింద ఎక్కడో ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటే కుదరదు. తప్పుదారి పట్టించే ప్రచారానికి తొలిసారి పది లక్షల దాకా జరిమానా ఉంది.