కొండ ముందుంటే ‘పుల్ అప్’ అలర్ట్.. మన్యం మబ్బుల్లో హెలికాప్టర్లకు అది చాలుతుందా?

అరకు, పాడేరు వైపు నేతల పర్యటనలున్నా, భద్రతా బలగాలు కదలాలన్నా హెలికాప్టర్ వాడటం మామూలే. వానాకాలంలో మాత్రం ఇక్కడి కొండలను మబ్బులు కమ్మేస్తాయి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విశాఖ నుంచి బయల్దేరితే కొద్ది నిమిషాల్లోనే 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకు వస్తుంది. మన్యంలో కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటాయి. మబ్బులో కొండ కనిపించకపోతే పైలట్‌ను హెచ్చరించేది ఎవరు?

ఎలా పనిచేస్తుంది?

పెద్ద విమానాల్లో ఇందుకోసం గ్రౌండ్ ప్రాక్సిమిటీ వార్నింగ్ సిస్టమ్ ఉంటుంది. 1970ల్లో వచ్చిన పాత మోడల్ రేడియో తరంగాలతో కిందనున్న నేలను మాత్రమే కొలిచేది. ఎదురుగా నిటారుగా లేచే కొండ సంగతి దానికి ఆలస్యంగా తెలిసేది. 1995 డిసెంబరులో కొలంబియాలోని కాలి దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం కొండను ఢీకొట్టి 159 మంది చనిపోయారు. అలారం మోగింది కానీ, పైలట్లకు దొరికిన టైమ్ సుమారు 12 సెకన్లే.

ఆ తర్వాత కొత్త సిస్టమ్ వాడకం పెరిగింది. విమానం ఎక్కడుందో జీపీఎస్ చెప్తే, కంప్యూటర్ తనలోని కొండల మ్యాప్‌తో పోల్చి చూస్తుంది. ప్రమాదానికి దాదాపు నిమిషం ముందు ‘కాషన్ టెర్రైన్’ అంటుంది. సుమారు 30 సెకన్లు మిగిలితే ‘పుల్ అప్’ అని గట్టిగా అరుస్తుంది. స్క్రీన్‌పై ఆ కొండ ఎర్రగా మారుతుంది. పైలట్ వెంటనే విమానాన్ని పైకి లేపాలి.

2009లో ఏం జరిగింది?

తూర్పు కనుమల్లో విషాదం అనగానే గుర్తొచ్చేది నల్లమల. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ అక్కడ కూలింది. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు మరణించారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ సమస్యపై పైలట్ల దృష్టి మళ్లిందని, ఆ లోపు హెలికాప్టర్ బలమైన కిందికి లాగే గాలిలో చిక్కి కంట్రోల్ తప్పిందని విచారణ కమిటీ తేల్చింది.

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. పైలట్ చేతిలో కంట్రోల్ ఉంటేనే ‘పుల్ అప్’ అలర్ట్ పనికొస్తుంది. గాలే కిందికి నెట్టేస్తుంటే ఎంత గట్టిగా అరిచినా లాభం తక్కువ.

హెలికాప్టర్ల సంగతేంటి?

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 5,700 కిలోలు దాటిన టర్బైన్ ఇంజిన్ విమానాలకు ఈ వార్నింగ్ సిస్టమ్ ఉండాల్సిందే. హెలికాప్టర్లు ఎప్పుడూ తక్కువ ఎత్తులోనే తిరుగుతాయి. విమానాల సిస్టమ్ పెడితే ఊరికే మోగుతూనే ఉంటుంది. అందుకే వాటికి వేరే మోడల్ వచ్చింది. ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్లకు అది తప్పనిసరి అంటూ అమెరికా 2014లో రూల్ తెచ్చింది.

మన్యంలో ఎగిరే హెలికాప్టర్లకూ ఈ పరికరం మేలు చేస్తుంది. అయితే అది ఇచ్చేది సెకన్లే. వాతావరణం బాగోలేకపోతే ప్రయాణం ఆపేయాలన్న నిర్ణయం టేకాఫ్‌కు ముందే జరగాలి. ఎక్కేది ఎంత పెద్ద నాయకుడైనా సరే, ‘ఈ రోజు వద్దు సార్’ అని చెప్పే స్వేచ్ఛ పైలట్‌కు ఉండాలి.