వడ్డీ కాదు, వాటా!

డివిడెండు అనే మాట వినగానే మనలో చాలామందికి బ్యాంకు వడ్డీ జ్ఞాపకం వస్తుంది. రెండూ ఠంచనుగా వచ్చే సొమ్మే గదా, తేడా ఏముంది అనిపిస్తుంది. పెన్షనుకు తోడు డివిడెండ్లతో నెల గడుపుకునే యిళ్లలో యీ అపోహ ఖరీదైనది సుమా! బ్యాంకు వడ్డీ మీకు రావలసిన బాకీ. డివిడెండు బాకీ కాదు. డైరెక్టర్లు సమావేశమై, “షేరుకు యింత పంచుదాం” అని ప్రకటించేవరకు దాన్ని అడిగే హక్కు వాటాదారుకు లేదు.

ఇందుకు వైద్యరంగంలోనే మంచి వుదాహరణ వుంది. అమెరికాలో, మన తెలుగువాళ్లు చాలామంది కాపురాలుంటున్న హ్యూస్టన్ నగరంలో, 1990లో యు.ఎస్. ఫిజికల్ థెరపీ అనే కంపెనీ వెలిసింది. మోకాలి ఆపరేషను అయినవారికి, నడుము పట్టేసినవారికి వ్యాయామ చికిత్స చేసే క్లినిక్కులు నడపడం దీని పని. రోగి అక్కడ మంచం వేసుకుని పడుకోనక్కరలేదు. వచ్చి, చికిత్స చేయించుకుని, తన యింటికి తాను పోతాడు. పెద్ద భవనాలు, ఖరీదైన యంత్రాలు అంతగా అవసరం లేవు గనుక లాభంలో ఎక్కువభాగం నగదుగా చేతికి వస్తుంది. అయితే చాలా క్లినిక్కుల్లో అక్కడి థెరపిస్టుకూ భాగం వుంటుంది. ఆయన పాలు ఆయనకు పోగా మిగిలిందే కంపెనీ వాటాదార్లది.

ఈ కంపెనీ 2011 నుంచి మూడు నెలలకొకసారి డివిడెండు పంచుతూ, ఏటా కాస్తకాస్త పెంచుతూ వచ్చింది. తొమ్మిదేళ్లు యిలా సాగితే ఎవరికైనా అది వడ్డీలాగే కనబడుతుంది. ఇంతలో 2020 వచ్చింది. కరోనా భయంతో రోగులు గడప తొక్కడం మానేశారు. అద్దెలు, జీతాలు మాత్రం ఆగవు గదా! కంపెనీ కొన్ని క్లినిక్కులు మూసింది, సిబ్బందిని తగ్గించింది. షేరుకు 32 సెంట్ల చొప్పున వస్తున్న డివిడెండును అంతటితో నిలిపివేసింది. 2021లో రోగులు తిరిగి వచ్చాక 35 సెంట్లతో మళ్లీ మొదలుపెట్టింది.

ఆ కొద్ది నెలలు వాటాదారుకు అన్యాయం జరిగిందంటారా? అప్పు తెచ్చి డివిడెండు పంచితే ఆ అప్పు తీర్చవలసిందీ వాటాదారే. యింట్లో సంపాదన ఆగిన నెలలో చీటీ కట్టడం మానుకుంటామే గాని, వడ్డీకి తెచ్చి విందు చేయం. జీతాలు తగ్గించిన చేత్తోనే లాభం పంచడం కూడా సబబుగా వుండదు. కంపెనీ చేసింది మంచిపనే. కాని ఆ డివిడెండు మీదనే మందుల ఖర్చు పెట్టుకున్న ముసలి దంపతులకు ఆ మంచిపని ఎలా వుంటుందో ఆలోచించండి!

అసలు డివిడెండే యివ్వని కంపెనీలూ వున్నాయి. డెన్వర్ నగరంలోని డవీటా కంపెనీ మూత్రపిండాలు పనిచేయనివారికి డయాలిసిస్ కేంద్రాలు నడుపుతుంది. అది లాభం పంచదు. ఆ సొమ్ముతో తన షేర్లనే బజారులో కొని రద్దు చేస్తుంది. 2013 ఆఖరుకు సుమారు 21 కోట్లున్న షేర్లు, 2024 ఆఖరుకు 8 కోట్ల చిల్లరకు దిగాయి. పెరటి మామిడికాపు యిరవైయొక్క వాటాలకు బదులు ఎనిమిది వాటాలు వేస్తే ఒక్కొక్కరి బుట్ట నిండుతుంది. నిజమే. అయితే ఆ వాటాలు కొన్న సొమ్ము కూడా మిగిలినవారిదే. హెచ్చు ధరకు కొంటే నష్టమూ వారిదే. యింటిఖర్చుకు డబ్బు కావలసినవారు తమ షేర్లు కొన్ని అమ్ముకోవలసిందే.

కనుక డివిడెండు చూసి షేరు కొనేవారు కొన్ని సంగతులు విచారించాలి. లాభంలో ఎంతపాలు పంచుతున్నారు? అప్పుల వాయిదాలు కట్టాక, కొత్త క్లినిక్కులు కొన్నాక మిగులుతున్నదెంత? రోగి ఫీజు నిర్ణయించేదెవరు? అమెరికాలో వృద్ధుల వైద్యానికి ప్రభుత్వ మెడికేర్ చెల్లించే రేటు కంపెనీ చేతిలో లేదు. 2021 తర్వాత కొన్నేళ్లు వ్యాయామ చికిత్స రేట్లను తగ్గిస్తూ వచ్చారు కూడా.

డివిడెండుకోసం గడువుకు ముందురోజు షేరు కొనడమూ తెలివి అనిపించుకోదు. గడువు దాటగానే షేరు ధర సాధారణంగా ఆ మేరకు తగ్గుతుంది. మన దేశంలో వుండేవారు అమెరికా షేరు కొంటే, ఉభయదేశాల ఒప్పందం ప్రకారం డివిడెండులో సాధారణంగా నూటికి 25 వంతులు అక్కడే పన్నుగా పట్టుకుంటారు. మిగిలిందే చేతికందుతుంది. అక్కడ కట్టిన పన్నుకు యిక్కడి పన్నులో మినహాయింపు అడగవచ్చు. కాగితాలు భద్రంగా దాచుకోవాలి.

డివిడెండు వద్దని చెప్పడం లేదు. అది ఏ ఖర్చుకు తగినదో తెలుసుకోమంటున్నాను. బియ్యం, మందులు, పిల్లల ఫీజులు ఆగవు; వాటికి ఆగని రాబడి వుండాలి. డివిడెండు వచ్చినప్పుడు పండుగ చీరె కొనుక్కోండి. రానిఏడు పాతచీరెతో పండుగ జరుగుతుంది గాని, మందు లేకుండా రోజు జరగదు.