చిప్ ఉంటే చాలదు... చిరునామా సరిగ్గా ఉండాలి!

2025 దీపావళి రాత్రి మా చిట్టి తప్పిపోయింది.

చిట్టి అంటే మా కుక్క. జాతి కుక్కేమీ కాదు. ఆరేళ్ల కిందట, మేం విజయవాడలో ఉన్నప్పుడు, వానలో తడిసి గేటు ముందు వణుకుతుంటే మా అమ్మాయి ఒళ్లో పెట్టుకుని లోపలికి తెచ్చిన వీధికుక్క పిల్ల. గోధుమరంగు ఒళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు. వీధిలో నాలుగు కుక్కల మధ్య నిలబెడితే నేనే ఒక్క క్షణం తడబడతాను.

పక్కింటావిడ స్వీట్లు తెచ్చిందని గేటు తీశాను. సరిగ్గా అప్పుడే వీధిలో లక్ష్మీబాంబు పేలింది. అంతే, నా కాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది. మెడకు పట్టీ కూడా లేదు. పొద్దున్న స్నానం చేయించి, పట్టీ ఉతికి దండెం మీద ఆరేశాను.

'కంగారు పడకు. దానికి చిప్ వేయించాం కదా, దొరికిన వాళ్లు ఫోన్ చేస్తారు' అన్నారు మా వారు. నిజమే కదా అనుకున్నాను. ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి. ఏ ఫోనూ రాలేదు.

తీరా ఏం జరిగిందో ఆరో రోజున తెలిసింది. మాకు నాలుగు కిలోమీటర్ల అవతల ఒకావిడ దాన్ని చేరదీసి, వరండాలో కట్టేసి అన్నం పెట్టిందట. మర్నాడే దగ్గర్లోని పశువుల డాక్టరుకు చూపిస్తే ఆయన చిప్ చదివాడు. వివరాలు దొరికాయి. మా వారి పేరు, విజయవాడ అడ్రసు, ఒక ఫోన్ నంబరు. ఆ నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి, 'మాకు కుక్కా లేదు, పిల్లీ లేదు' అని పెట్టేశారట! అది మా వారు పాత ఉద్యోగం మానేసినప్పుడు ఆఫీసుకు తిరిగిచ్చేసిన నంబరు. మేం హైదరాబాదు వచ్చి మూడేళ్లయింది. గ్యాసు మార్చుకున్నాం, బ్యాంకు మార్చుకున్నాం, ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నాం. చిట్టి సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

చివరికి దాన్ని ఇంటికి చేర్చింది చిప్ కాదు. మా అమ్మాయి ఊరంతా అతికించిన కాగితాల్లో ఒకటి మందుల షాపు గోడ మీద ఆవిడ కంటపడింది. 'ఇంకో రెండు రోజులు చూసి వదిలేద్దామంటున్నారండీ మా ఇంట్లో వాళ్లు' అని ఆవిడ చెబుతుంటే నా గుండె జారిపోయింది.

చిప్‌కు ఏం తెలుసు?

చాలామందిలాగే నేనూ చిప్ అంటే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యంత్రం అనుకునేదాన్ని. అలాంటిదేమీ కాదు. అది బియ్యపు గింజంత గొట్టం. మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. అందులో బ్యాటరీ ఉండదు. దారి చూపదు. ఒంటి దగ్గర స్కానర్ పెడితే 15 అంకెల నంబరు ఒకటి చెబుతుంది. అంతే దాని పని. మన పేరు, అడ్రసు, ఫోను దానిలో ఉండవు. అవి ఆ నంబరుకు ఎదురుగా ఎక్కడో ఒక రిజిస్టరులో రాసి ఉంటాయి. చిప్ కుక్క ఒంట్లో జీవితాంతం ఉంటుంది. రిజిస్టరులో ఉన్నది మాత్రం మనం మార్చకపోతే మారదు.

ఇప్పుడే ఎందుకీ మాట?

ఎందుకంటే వీధికుక్కల విషయంలో 2025లో పరిస్థితి చాలా మారిపోయింది. ఆ ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించమంది. దాని మీద పెద్ద దుమారమే రేగింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలకూడదనీ చెప్పింది. విచారణను దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆస్పత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న కుక్కల్ని తీసుకెళ్లాలి, మళ్లీ అక్కడ వదలకూడదు అని.

పిల్లల్ని కుక్కలు కరిచిన వార్తలు చదివిన ఏ తల్లీ ఈ ఉత్తర్వులను ఊరికే కొట్టిపారేయలేదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ భయం నాకూ ఉంది. కానీ ఇందులో మన ఇంటి కుక్కల సంగతి కూడా ఉందని ఎంతమంది ఆలోచించారు? మా చిట్టి లాంటిది భయపడి పారిపోయి, ఏ బస్టాండు మూలలోనో నక్కి కూర్చుందనుకోండి. మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు అది వీధి కుక్కో, ఒక ఇంటి కుక్కో పట్టేవాడికి ఎలా తెలుస్తుంది? మెడ పట్టీ ఊడిపోతుంది. మిగిలేది ఆ 15 అంకెలు. వాటి వెనకున్న ఫోన్ నంబరు తప్పయితే ఇక అది వీధికుక్క కిందే లెక్క.

చెన్నై నగరపాలక సంస్థ 2025లో పెంపుడు కుక్కలకు లైసెన్సూ చిప్పూ రెండూ తప్పనిసరి చేసింది. లేకపోతే 5,000 రూపాయల జరిమానా అంది. గడువు దగ్గర పడేసరికి అక్కడి క్లినిక్కుల ముందు జనం బారులు తీరారు. మంచిదే. కానీ జరిమానా భయంతో వేయించిన చిప్, ఇల్లు మారిన రోజున ఎవరికి గుర్తుంటుంది? అసలు కష్టం అక్కడే.

మనకన్నా ముందు వేయించిన వాళ్లు

బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి కుక్కలకు చిప్ తప్పనిసరి. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లులకూ వచ్చింది. అక్కడి చట్టం చిప్ ఉందా అని మాత్రమే అడగదు, వివరాలు తాజాగా ఉన్నాయా అని కూడా అడుగుతుంది. సరిచేసుకోవడానికి 21 రోజులు ఇస్తారు. అప్పటికీ చేయకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. జపాన్‌లో 2022 జూన్ నుంచి అమ్మే కుక్కకూ పిల్లికీ ముందే చిప్ ఉండాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు నమోదు చేయించుకోవాలి.

అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వారి అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. 53 షెల్టర్లకు దారితప్పి వచ్చిన జంతువుల లెక్కలు తీశారు. మొత్తం కుక్కల్లో సుమారు 22 శాతమే ఇల్లు చేరితే, చిప్ ఉన్నవాటిలో 52 శాతం చేరాయి. మరి చిప్ ఉండి కూడా కొన్నిటి యజమానులు ఎందుకు దొరకలేదు? అన్నిటికన్నా పెద్ద కారణం ఫోన్ నంబరు తప్పు కావడం, లేదా పనిచేయకపోవడం. మూడింట ఒక వంతుకు పైగా అలా పోయినవే. అంటే మా ఇంటి కథే!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు కుక్కను పంపాలనుకునే వాళ్లూ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడికి వచ్చే ప్రతి కుక్కకూ చిప్ ఉండాలని నిబంధన పెట్టారు. చిప్ వేయకముందు వేసిన రేబిస్ టీకా లెక్కలోకి రాదు. కాగితాల్లో రాసిన చిప్ నంబరు ఒంట్లో ఉన్నదానితో కలవాలి.

ఎవరి నంబరు రాయించారు?

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. గ్యాసు ఆయన పేర ఉంటుంది, కరెంటు మీటరు మామగారి పేర ఉంటుంది. కుక్క లైసెన్సు కూడా అంతే. దానికి అన్నం కలిపేది, టీకా తేదీ గుర్తుపెట్టుకునేది, అర్ధరాత్రి అరిస్తే లేచి చూసేది ఎవరు? పగలు ఇంట్లో ఫోన్ ఎత్తేది ఎవరు? అయినా రిజిస్టరులో మన నంబరు ఉండదు. నేను క్లినిక్కులో కూర్చుని ఫారం నింపినప్పుడు కూడా, చెప్పొద్దూ, ఆలోచించకుండా ఆయన నంబరే రాశాను. ఆ తప్పు నాదే. ఎవరి పేరయినా ఉండనివ్వండి, నంబర్లు మాత్రం రెండు ఇవ్వండి. అందులో ఒకటి మీదయితే మంచిది.

దీనికి పెద్ద శ్రమ అక్కర్లేదు. ఏటా రేబిస్ టీకా వేయించే రోజునే ఈ పనీ పెట్టుకోండి. డాక్టరును ఒకసారి స్కానర్ పెట్టి చూడమనండి. చిప్ కొన్నిసార్లు పక్కకు జరుగుతుంది, పనిచేస్తోందో లేదో కూడా తెలుస్తుంది. ఆ నంబరు టీకాల పుస్తకంలో రాయించండి. చిప్ వివరాలు ఏ రిజిస్టరులో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల మున్సిపాలిటీ లైసెన్సు పుస్తకం వేరు, చిప్ రిజిస్టరు వేరు. ఒకచోట మార్చితే రెండోచోట దానంతటదే మారదు. కుక్కను వేరేవాళ్లకు ఇచ్చినా, అది చనిపోయినా రెండుచోట్లా చెప్పాలి. లేకపోతే ఎవరి దగ్గరో ఉన్న కుక్క ఎవరినో కరిస్తే మన తలుపు తడతారు.

అయితే భారమంతా మన మీదే వేస్తే న్యాయం కాదు. కుక్కల్ని పట్టే ప్రతి బండిలో, ప్రతి షెల్టరులో ఒక స్కానర్ ఉండాలి. పట్టిన ప్రతి కుక్కనూ ముందు స్కాన్ చేయాలి. ఏ ఊరి చిప్ అయినా ఏ ఊళ్లోనైనా వెతికితే దొరికేలా రిజిస్టర్లను కలపాలి. అడ్రసు మార్చడానికి ఆఫీసు చుట్టూ తిప్పకూడదు. జరిమానా వేసే అధికారం ఉన్నవాళ్లకు ఈ బాధ్యతా ఉండాలి కదా!

చిట్టి వచ్చిన మర్నాడే వివరాలు మార్పించాను. మొదటి నంబరు నాది, రెండోది మా అమ్మాయిది. మా వారు చూసి, 'నన్ను పూర్తిగా తీసేశావా?' అన్నారు నవ్వుతూ. 'మీరు ఫోన్ ఎత్తరు కదండీ' అన్నాను.

మీ ఇంట్లో టీకాల పుస్తకం ఏ అలమరలో ఉందో ఈ సాయంత్రం ఒకసారి తీసి చూడండి. అందులో ఉన్న నంబరుకు మీ ఫోన్ నుంచి చేయండి. ఎవరు ఎత్తుతారో మీకే తెలుస్తుంది.