తెల్లగీత అవతలి అయిదడుగులు

భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,



హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి. నందిగామ దగ్గర, తెల్లవారుజామున మూడు గంటలు. రోడ్డు ఎడమ అంచున ఓ ఎర్రదీపం కదులుతుంటుంది. దూరం నుంచి చూసిన లారీ డ్రైవరు మోపెడ్ అనుకుంటాడు. దగ్గరికొచ్చి చూస్తే సైకిల్. ముందురోజు ఉదయం ఆరింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, విజయవాడ దాటి, వెనక్కి తిరిగిన మనిషి. అప్పటికే మూడు వందల యాభై పైచిలుకు కిలోమీటర్లు తొక్కడం అయింది. ఇంకా రెండు వందల పైన మిగిలింది. రాత్రి పదింటిలోగా ఆరు వందలూ పూర్తిచేయాలి. కారు తోడు రాదు, సామాను మోసిపెట్టే మనిషి ఉండడు. పంక్చరైనా, ఆకలేసినా, నిద్ర ముంచుకొచ్చినా ఎవరి తిప్పలు వాళ్లే పడాలి.

ఆ ఎర్రదీపం క్షేమంగా ఇల్లు చేరడానికి మీ సంస్థ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఈ లేఖ వాటి గురించే.

ఇలాంటి ప్రయాణాలను బ్రెవే అంటారు. ఇది పోటీ కాదు, ముందొచ్చినవారికి బహుమతులుండవు. గడువులోగా చేరితే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తిచేసినవారిని 'సూపర్ రాండనీర్' అంటారు. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండనీర్స్ చూసుకుంటుంది. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. పన్నెండు వందల కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. దానికి భారత్ నుంచి వందల మంది వెళ్లివస్తున్నారు. గడియారంతో పని లేకుండా గుడారం, పక్కబట్టలు సైకిల్‌కే కట్టుకుని వారాల తరబడి ఊళ్లు తిరిగే బైక్‌ప్యాకర్లు వేరు. సైకిల్ మీద ఇలా దూరాలు వెళ్లడం నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. 1923లో బొంబాయి నుంచి సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరిన బృందంలో ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగారా దాదాపు 71,000 కిలోమీటర్లు చుట్టి 1928లో తిరిగొచ్చారు.

దూరం వెళ్లే రైడర్ సంచి విప్పి చూస్తే వాళ్లు దేనికి భయపడతారో తెలిసిపోతుంది. రెండు స్పేర్ ట్యూబులు, చిన్న పంపు, టైరు లీవర్లు, మల్టీటూల్, చైన్ తెగితే కలిపే లింకు, టైరు చీలితే లోపలివైపు ఆనించడానికి పాత టైరు ముక్క. బరువైనవన్నీ ఫ్రేము మధ్య సంచిలోకి వెళ్తాయి. తేలికైన బట్టలు సీటు వెనక సంచిలోకి. ఈ లెక్క తప్పితే ఎక్కినచోటల్లా వెనక సంచి అటూ ఇటూ ఊగి సైకిల్ అదుపు తప్పుతుంది. దీపాలు ముందొకటీ వెనకొకటీ చాలవు. ఒకటి ఆరిపోతే వెలిగించుకోవడానికి ఇంకోటి దగ్గరుండాలి. కొందరు ముందు చక్రానికి డైనమో హబ్ వేయించుకుంటారు. చక్రం తిరిగినంతసేపూ దీపానికి కరెంటు అందుతుంది. రాత్రిపూట మెరిసే చొక్కా తప్పనిసరి. అనుభవజ్ఞులు చీలమండకు కూడా మెరుపు పట్టీ కట్టుకుంటారు. పైకీ కిందికీ ఆడే ఆ మెరుపును చూడగానే అక్కడున్నది మనిషని వెనకొచ్చే డ్రైవరుకు తెలిసిపోతుంది.

ఒంటి సంగతి సామాను కన్నా పెద్దది. గంటల తరబడి సీటు మీద ఒరిపిడికి పుండ్లు పడతాయి. వాటికి భయపడే మెత్తటి ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకుంటారు, క్రీము రాసుకుంటారు, ఆగినచోట ఉతికి ఆరేసుకుంటారు. హ్యాండిల్ మీద బరువంతా మోపితే అరచేతి నరం నలిగి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. బ్రేకు గట్టిగా పట్టలేని స్థితి వస్తుంది. ఎండ సంగతి రెంటచింతల, రామగుండం జనానికి వేరే చెప్పాలా! చెమటలో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. దాహమేస్తోందని ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు, ముదిరితే మూర్ఛ. అందుకే సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సరిపడే ఆ పొడిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటికి తోడు పొటాషియం, సిట్రేట్ లవణాలు ఉంటాయి. దారిలో దొరికే ఉప్పు మజ్జిగ, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ వాళ్లను కాపాడతాయి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అక్కడితో రైడ్ ఆపేసి నీడకు చేరి, ఒళ్లంతా తడిపి, ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

అన్నిటికన్నా ప్రమాదం నిద్ర. వరసగా పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన మోటారు వాహనాల చట్టం డ్రైవర్లకు పెట్టిన హద్దు 0.03 శాతం. తెల్లవారుజామున మూడింటికి నందిగామ దగ్గర సైకిల్ తొక్కేవారికే కాదు, వెనకొస్తున్న లారీ డ్రైవరుకూ ఇదే లెక్క. తెలిసిన రైడర్ బస్టాప్ బల్ల మీదో, పెట్రోలు బంకు అరుగు మీదో ఇరవై నిమిషాలు కునుకు తీసి లేస్తాడు.

ఇంత సర్దుకుని వచ్చిన మనిషి సంచిలో పట్టనిది ఒక్కటే. రోడ్డు. అది మీ చేతిలో ఉంది.

జాతీయ రహదారి మీద సైకిల్‌కు ఉన్న చోటల్లా తెల్లగీత అవతల తారు వేసిన షోల్డర్. చాలాచోట్ల అది ఒకటిన్నర మీటరు, అంటే అయిదడుగులు. కాగితం మీద చూస్తే సైకిల్‌కు సరిపోయే జాగానే. దిగి చూస్తేనే తెలుస్తుంది. కొట్టుకొచ్చిన కంకర, పగిలిన సీసా పెంకులు, పేలిన లారీ టైర్ల పీలికలు. ఆ పీలికల్లోంచి పొడుచుకొచ్చే వెంట్రుకంత ఇనుప తీగ సైకిల్ టైరులో దిగితే కంటికి కనబడదు, వేలితో తడిమి వెతకాల్సిందే. నీళ్లు పోవడానికి వేసిన ఇనుప జాలీల కమ్మీలు కొన్నిచోట్ల రోడ్డు వెంబడే నిలువుగా ఉంటాయి. రెండు కమ్మీల మధ్య సన్నటి చక్రం దిగిందంటే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. వంతెనల మీద షోల్డర్ ఉన్నట్టుండి మాయమవుతుంది. టోల్‌ప్లాజా ముందు రంబుల్ స్ట్రిప్‌లు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచి ఉంటాయి. కారులో వారికి అవి చిన్న గరగర. అప్పటికే చేతులు మొద్దుబారిన రైడర్‌కు మాత్రం హ్యాండిల్ పట్టు జారే చోటు.

కోతల కాలంలో అదే షోల్డర్ మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు. పంట ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. రైతును తిట్టి లాభం లేదు, ఆరబోసుకోవడానికి కల్లం లేకనే రోడ్డెక్కాడు. ఇక రాత్రయితే ఆగిన లారీలు. వెనక దీపం ఉండదు, హెచ్చరిక త్రికోణం పెట్టరు. ఆ లారీని తప్పించుకోవాలంటే సైకిల్ తెల్లగీత దాటి, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే బండ్ల మధ్యకు రావాలి. రైడర్ల మాటల్లో చెప్పాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకునే క్షణం అదే.

ఎంత నేర్పున్నవారికైనా చీకట్లో హైవే ఎంత ప్రమాదమో చెప్పడానికి మైక్ హాల్ పేరు చాలు. బ్రిటన్‌కు చెందిన ఆయన 2012లో సైకిల్ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చారు. 2013లో యూరప్ అంతటా సాగే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసును మొదలుపెట్టారు. సొంత బలం మీదే నడిచే దూర ప్రయాణాలకు ఒక తరం ఆయన్ను గురువుగా చూసింది. 2017 మార్చి 31న, ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీ వెళ్లే ఇండియన్ పసిఫిక్ వీల్ రేసులో, కాన్‌బెర్రా దగ్గర హైవే మీద తెల్లారకముందే వెనక నుంచి వచ్చిన కారు ఢీకొని ఆయన చనిపోయారు.

మన లెక్కలూ చూడండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు పోయాయి. అందులో జాతీయ రహదారుల మీదే 61,038 మంది. అన్ని రోడ్ల మీదా కలిపి సైకిల్ తొక్కుతూ చనిపోయినవారు 4,800కు పైనే. ఈ నాలుగు వేల ఎనిమిది వందల మందిలో మెరిసే చొక్కా వేసుకున్న రాండనీర్లు ఎందరుంటారు? ఎక్కువమంది పాలక్యాను కట్టుకుని వెళ్లే రైతు, నైట్ డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్, ఇటుక బట్టీ కూలీ, పక్క ఊరి బడికి పోయే ఆడపిల్ల లాంటివారే. వాళ్ల సైకిల్‌కు డైనమో హబ్ లేదు, వెనక ఎర్రదీపం కూడా ఉండదు. రైడర్ తన సరదా కోసం అడుగుతున్నాడని మీ అధికారులు ఎవరైనా అనుకుంటే, వారు ఒక్కసారి ఉదయం అయిదింటికి ఏ ఊరి జంక్షన్లోనైనా నిలబడి చూడాలి.

సైకిల్‌కు క్షేమమైన దారి అడగడం అసాధ్యమైన కోరికేమీ కాదు. తైవాన్‌లో ద్వీపం చుట్టూ తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా సాగే ఒకటో నంబరు సైకిల్ దారి ఉంది. దారి పొడవునా పోలీస్ స్టేషన్లలో సైకిలిస్టులకు తాగునీరు, గాలి పంపు దొరుకుతాయి. దక్షిణ కొరియాలో ఇంచియాన్ నుంచి బూసాన్ దాకా నదుల వెంట 633 కిలోమీటర్ల దారి వేశారు. ఎర్రటి టెలిఫోన్ బూత్‌ల లాంటి గదుల్లో పాస్‌పుస్తకం మీద ముద్ర వేసుకుంటూ కుటుంబాలు కూడా దాన్ని పూర్తిచేస్తాయి. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. అక్కడ నిశ్చింతగా తొక్కినవారు జాతీయ రహదారి ఎక్కగానే దేవుడి మీద భారం వేయాల్సి వస్తోంది.

మీకు కొత్త చట్టాలు అక్కర్లేదు. జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం 2002 నుంచీ ఉంది. సైకిల్ ట్రాక్‌ల డిజైన్ కోసమే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 11వ నంబరు ప్రమాణం ఉంది. టోల్‌ప్లాజాల దగ్గర పెట్రోలింగ్ వాహనం, అంబులెన్స్, 1033 హెల్ప్‌లైన్ ఉన్నాయి. ఉన్నవాటిని సైకిల్ దాకా తీసుకురావడమే మిగిలింది.

అందుకు ఈ విన్నపాలు. కాంట్రాక్టరు నిర్వహణ ఒప్పందంలో షోల్డర్ ఊడ్చే పనిని విడిగా రాసి, తనిఖీ చేయించండి. నిలువు కమ్మీల జాలీలను తీసేసి అడ్డ కమ్మీలవి వేయించండి. రంబుల్ స్ట్రిప్‌లకు ఎడమ అంచున సైకిల్ పట్టేంత ఖాళీ వదలండి. షోల్డర్ తగ్గే ప్రతి వంతెనకు ముందు, సైకిళ్లుంటాయని డ్రైవర్లను హెచ్చరించే బోర్డు పెట్టండి. లారీలు ఆగడానికి సరిపడా లేబైలు, డ్రైవర్లు పడుకోవడానికి చోటు కల్పించండి, ఆపైన షోల్డర్ మీద ఆగినవాటిని పెట్రోలింగ్ సిబ్బందితో తీయించండి. కల్లాల కోసం జిల్లా కలెక్టర్లతో, మార్కెట్ కమిటీలతో మాట్లాడండి. టోల్‌ప్లాజాల్లో మరుగుదొడ్డి, తాగునీరు సైకిల్ మీద వచ్చినవారికీ ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాయని బోర్డు రాయించండి. రాత్రిపూట తొక్కే మహిళలకు అది ఎంత ధైర్యమో వారిని అడిగితే చెబుతారు.

ఇంకొక మాట. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు–మైసూరు వేగ రహదారి ప్రధాన మార్గం మీద ద్విచక్ర వాహనాలను, మోటారు లేని బండ్లను నిషేధించారు. వేగ రహదారులు పెరిగేకొద్దీ ఈ నిషేధాలూ పెరుగుతాయి. అలా తప్పించినచోట సర్వీస్ రోడ్డు మధ్యలో తెగిపోకుండా, వాగు దగ్గరా రైల్వే లైను దగ్గరా ఆగిపోకుండా చివరిదాకా ఉండేలా చూడండి.

రైడర్ల బాధ్యత రైడర్లకూ ఉంది. దీపం లేకుండా హైవే ఎక్కడం, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కడం, నిద్ర ఆపుకుని గడువు వెంట పరుగెత్తడం, దగ్గరి దారని రాంగ్ రూట్‌లో రావడం వారు మానుకోవాల్సినవే. బ్రెవే క్లబ్బులు ఈ మాటలు బయల్దేరే ముందే గట్టిగా చెప్పాలి.

ఛైర్మన్ గారూ, 65వ నంబరు రహదారి మీద మీ ఇంజనీర్లు ఒక్క తెల్లవారుజామున, ఒక్క యాభై కిలోమీటర్లు సైకిల్ మీద రావాలని ఈ లేఖ కోరుతోంది. చౌటుప్పల్‌లో బయల్దేరినా, కోదాడలో బయల్దేరినా సరే. తోడు తొక్కడానికి తెలుగు రాష్ట్రాల రైడర్లు వస్తారు. దీపాలూ, మెరిసే చొక్కాలూ, ఓఆర్‌ఎస్ సీసాలూ వాళ్లే తెస్తారు. తారీఖు మీరు చెప్పండి.

ఇట్లు,
తెల్లగీత అవతల సైకిల్ తొక్కేవారి తరఫున