పాడికి ఆదివారం లేదు

న్యూజెర్సీలో ఉంటున్నామని ఊళ్ళో చెబితే, “జెర్సీ అంటే ఆవు కదర్రా?” అని పెద్దవాళ్ళు నవ్వడం మన పాఠకుల్లో చాలామందికి అనుభవమే. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆవు పేరూ, మన రాష్ట్రం పేరూ ఒకే చోటినించి వచ్చాయి. ఫ్రాన్సు తీరానికి దగ్గరలో జెర్సీ అని ఒక చిన్న దీవి ఉంది. 1664లో ఈ ప్రాంతం దక్కిన ఇద్దరు దొరల్లో సర్ జార్జి కార్టరెట్ అనే ఆయనది ఆ దీవి. అందుకని దీనికి న్యూజెర్సీ అని పేరు పెట్టారు. ఆ దీవి ఆవులేమో ప్రపంచమంతా తిరిగి, చివరికి మన పల్లెటూరి పాకల్లో సంకర జాతి జెర్సీలుగా స్థిరపడ్డాయి. మనం అటునించి ఇటు వచ్చాం.

ఈ నెల ఈ పేజీలో పశువుల మాట ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఊరినించి అమ్మనీ నాన్ననీ పిలిపించుకోవడానికి విమానం టిక్కెట్లు వెతికే రోజులివి. పార్సిప్పనీలో ఏ నలుగురు మనవాళ్ళు కలిసినా అదే ప్రస్తావన. వీసా ఉంది, టిక్కెట్టు కొనిస్తామంటే వద్దనే వాళ్ళూ కారు. కాని ప్రయాణం మాత్రం తెమలదు. ఎందుకని గట్టిగా అడిగితే చివరికి బయటపడేది గేదె.

“నాన్నా, ఆ గేదెని అమ్మేసి వచ్చెయ్యండి. పాలు ప్యాకెట్లు తెప్పించుకోవచ్చు.”

“చూడితో ఉందిరా. ఇప్పుడెలా అమ్ముతాం? వచ్చే ఏడు చూద్దాంలే.”

ఆ వచ్చే ఏడు అలా జరుగుతూనే ఉంటుంది. “అమ్మేయండి” అనే మాట మనకి చాలా సులువుగా వస్తుంది. ఆ మాట వెనక ఎంత పని ఉందో, ఎంత బతుకు ఉందో ఒకసారి లెక్క వేసి చూద్దామని ఈ నెల మా ప్రయత్నం.

ముందు గడియారం సంగతి. వేసవిలో మనం ఇక్కడ రాత్రి ఏడు గంటలకి భోజనాలు ముగించి ఊరికి ఫోను చేస్తాం. అప్పుడు అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. అమ్మ పాకలో ఉంటుంది. పోనీ పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ ఏడున్నరకి చేస్తే, అక్కడ సాయంత్రం అయిదు. అప్పుడూ పాకలోనే. “పాలు పిండుతున్నానురా, తర్వాత చెయ్యి” అన్న మాట విని మనలో ఎంతమంది చిన్నబుచ్చుకున్నామో! మనకి తీరిక దొరికే రెండు వేళలూ సరిగ్గా గేదెకి పొదుగు నిండే వేళలు. అది ఎవరి తప్పూ కాదు.

పాలు పిండడం ఆ పనిలో చిన్న భాగం. పేడ ఎత్తి దిబ్బకి చేర్చాలి. పాక కడగాలి. గేదెని కడగాలి. కుడితి కలిపి పెట్టాలి. దూడని వదిలి, అది నాలుగు గుక్కలు తాగి గేదె చేపేదాకా ఆగి, దాన్ని పక్కకి లాగి కట్టాలి. అప్పుడు చెంబు పట్టుకుని కూర్చోవాలి. పిండిన పాలు కేంద్రం మూసేలోపల అక్కడికి చేరాలి. పూటకి ఎనిమిది గంటలు ఎడం ఉన్నా, పదహారు గంటలు ఉన్నా పశువు ఊరుకోదు. పొదుగు బిగిసి బాధపడుతుంది, పాలు తగ్గుతాయి, ఒక్కోసారి పొదుగువాపు పట్టుకుంటుంది. అందుకే పండగైనా, పెళ్ళైనా, జ్వరమైనా రెండు పూటలా అక్కడ ఉండి తీరాలి. బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళిన అమ్మ, భోజనం కాగానే “చీకటి పడకముందే బయల్దేరాలి” అని తొందరపడటం మనకందరికీ గుర్తే.

ఇక మేత. రోజుకి ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదెకి పచ్చిమేత పాతిక, ముప్ఫై కిలోలు, ఎండుగడ్డి అయిదారు కిలోలు కావాలి. పైగా ఒంటికోసం కిలో, కిలోన్నర దాణా, పాలకోసం రెండు లీటర్లకి ఒక కిలో చొప్పున మరో నాలుగు కిలోలు. అంటే ఒక్క గేదె ముందే రోజుకి సుమారు నలభై కిలోల సరుకు మోసి వెయ్యాలన్న మాట. అరవై ఏళ్ళు దాటిన మనిషి ఆ పచ్చిగడ్డి కోసి, మోపు కట్టి, గట్ల మీద నడిచి ఇంటికి తేవాలి. మన చిన్నప్పుడు కోతల ముందు వరి చేలో జనుమో పిల్లిపెసరో చల్లి ఉంచేవారు. వరి కోయగానే అవి లేచి మేతకి అక్కరకి వచ్చేవి. కోత మిషన్లు వచ్చాక గడ్డి నలిగి ముక్కలై చేలోనే పడిపోతోంది. దాన్ని మళ్ళీ మిషను పెట్టి కట్టలు కట్టించుకోవాలి, లేదా కొనుక్కోవాలి. ఇంటి వెనక కొండంత గడ్డివాము ఉండే రోజులు చాలా ఊళ్ళలో పోయాయి.

అన్నిటికన్నా కష్టమైంది ఎద కనిపెట్టడం. ఆవు ఎదకి వస్తే అరుస్తుంది, గంతులేస్తుంది, ఊరందరికీ తెలుస్తుంది. గేదె అలా కాదు. చాలా గేదెలది మూగ ఎద. తరచు రాత్రిపూట వచ్చి, తెల్లవారి ఎండెక్కేసరికి లక్షణాలు అణగిపోతాయి. పొద్దున్న తీగలు కనిపించాయా, మాటిమాటికీ పోస్తోందా, మేత మానేసిందా అని కనిపెట్టి ఉండాలి. పొద్దున కనబడితే సాయంత్రానికి సూది వేయించాలి. ఆ పూట తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. రెండు మూడు సార్లు తప్పితే రెండు నెలల పాలు పోయినట్టే, మేత ఖర్చు మాత్రం తప్పదు. ఎదని కనిపెట్టేది రోజూ చూసే కన్ను. జీతం మనిషికి అది అంత తొందరగా అలవడదు.

రోగాల సంగతి చెప్పనక్కరలేదు. వానలకి ముందే గొంతువాపుకి, జబ్బవాపుకి టీకాలు వేయించాలి. గాలికుంటుకి ఆరు నెలలకొకసారి. గాలికుంటు వచ్చి బతికిన పశువు కూడా మునుపటంత పాలివ్వదు. 2022లో ముద్దచర్మం రోగం దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో పాకి వేలకొద్దీ పశువులు, ముఖ్యంగా ఆవులు పోయాయి. ఒక్క పశువు పోతే చిన్న రైతు ఇంట్లో ఏడాది సంపాదన పోయినట్టే.

ఇంత చేసి వచ్చేది ఎంత? కేంద్రంలో పాలని కొలిచి, వెన్న శాతం చూసి డబ్బు కడతారు. గేదెపాలలో వెన్న ఆరు, ఏడు శాతం ఉంటుంది కాబట్టి ఆవుపాల కన్నా ధర ఎక్కువ. దాణా ధర రైతు చేతిలో లేదు, పాల ధరా రైతు చేతిలో లేదు. మిగిలేది కొంచెమే. కాని ఆ కొంచెం పదిరోజులకో పదిహేను రోజులకో క్రమం తప్పకుండా వస్తుంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చి అప్పులకి పోతుంది. పాల డబ్బు మాత్రం చాలా ఇళ్ళల్లో అమ్మ చేతి డబ్బు. మన పుస్తకాలు, హాస్టలు ఫీజులు, పండక్కి బట్టలు అందులోంచి వచ్చినవే. ఆ గేదెని అమ్మెయ్యమని చెప్పినప్పుడు, ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే ఆ నాలుగు రూపాయలనీ వదులుకోమని కూడా చెబుతున్నామని మనకి తోచదు. “నెలనెలా మేం పంపుతున్నాంగా” అంటాం. పంపిన డబ్బు కొడుకు డబ్బు, పాల డబ్బు తన డబ్బు. ఈ తేడా ఆవిడకి బాగా తెలుసు.

ఇదంతా మన దేశంలో మాత్రమే ఉన్న కష్టమనుకోనక్కరలేదు. మనం రోజూ కారులో దాటిపోయే చోట్లే పాకలుండేవి. రూట్ 10 పక్కన, పార్సిప్పనీలోనే, గుస్టావ్ స్టిక్లీ అనే కర్ర సామాన్ల కళాకారుడు 1908 నించి భూమి కొని క్రాఫ్ట్‌స్‌మన్ ఫార్మ్స్ పెట్టాడు. తోటలు, పాడి ఆవులు, కోళ్ళు అన్నీ పెంచాడు. 1915లో ఆయన వ్యాపారం దివాలా తీసింది, 1917లో ఆ స్థలం అమ్ముడుపోయింది. దుంగలతో కట్టిన ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడికి దగ్గర్లోనే మోరిస్‌టౌన్‌లో ఫాస్టర్‌ఫీల్డ్స్ ఉంది. చార్లెస్ ఫాస్టర్ 1881లో కొని జెర్సీ ఆవులు పెంచిన క్షేత్రమది. ఆయన కూతురు కేరొలైన్ ఫాస్టర్ 1979లో 102వ ఏట పోయేదాకా అక్కడే ఉండి, దాన్ని కౌంటీ పార్కుల వాళ్ళకి అప్పగించింది. పిల్లల్ని తీసుకెళితే ఆవుల్ని, గుర్రాల్ని, కోళ్ళని దగ్గరనించి చూడొచ్చు.

దక్షిణాన ప్లెయిన్స్‌బరోలో, ఈవేళ మనవాళ్ళు వందలకొద్దీ కాపురం ఉంటున్న ఊళ్ళో, వాకర్ గార్డన్ పాడి క్షేత్రం ఉండేది. 1930లో అక్కడ గుండ్రంగా తిరిగే పెద్ద వేదిక పెట్టి, ఒకేసారి యాభై ఆవులకి మిషన్లతో పాలు పిండేవారు. దేశదేశాలవాళ్ళు వింతగా చూడ్డానికి వచ్చేవారు. అంత యంత్రం ఉన్నా ఆవుల్ని తోలుకురావడానికి, కడగడానికి, పొదుగు చూడ్డానికి మనుషులు పగలూ రాత్రీ కావలసి వచ్చేది. 1971లో అదీ మూతపడింది. ఒకప్పుడు వేలల్లో ఉన్న న్యూజెర్సీ పాడి కుటుంబాలు ఇప్పుడు పదుల్లోకి వచ్చేశాయి. భూమి ధర పెరగడం ఒక కారణం, పాల ధర రైతు చేతిలో లేకపోవడం ఇంకొకటి. ఇక్కడా ధర వంద పౌన్లకింత అని పైనించి వస్తుంది. తెల్లారి నాలుగింటికి లేచే పని పిల్లలు వద్దనుకుని పట్నాలకి వెళ్ళిపోవడం మూడో కారణం. మన ఊళ్ళ లెక్కన చూస్తే ఆ వెళ్ళిపోయిన పిల్లలం మనమే.

అలాగని అమ్మా నాన్నా ఓపిక ఉన్నంతవరకూ పేడ ఎత్తుతూనే ఉండాలని మేము అనడం లేదు. మోకాళ్ళు వంగని మనిషి గేదె కింద కూర్చోకూడదు. ఒక్క తన్ను చాలు, తుంటి విరగడానికి. మానవలసిన రోజు వస్తే మానాలి. ఆ రోజు ఎప్పుడన్నది వాళ్ళు నిర్ణయించుకోవాలి. అంతదాకా మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, టిక్కెట్టు పిల్లల బడి సెలవలు చూసి కాక, గేదె చూలు చూసి కొనాలి. గేదె మొయ్యడం సుమారు 310 రోజులు, ఆవు 280. ఈనడానికి రెండు నెలల ముందు పాలు మాన్పించేస్తారు. ఆ రోజుల్లో పిండే పని ఉండదు, మేత, నీళ్ళు చూస్తే చాలు. పక్కింటివాళ్ళకి అప్పగించడం సులువు. ఈనడానికి రెండు మూడు వారాల ముందు మాత్రం వాళ్ళు తిరిగి ఇంట్లో ఉండాలి. ఇలా లెక్కవేస్తే అయిదారు వారాల ప్రయాణం ఎవరికీ బెంగ లేకుండా కుదురుతుంది. మొదటిసారికి అది చాలు.

రెండోది, ఆర్నెల్లు ఉంచుకోవాలంటే పాలుకి ఇవ్వడం అనే పాత పద్ధతి ఉంది. పశువు మనదే, సాకేవాళ్ళు పాలు వాడుకుంటారు, దూడలో వాటా తీసుకుంటారు. అమ్మినట్టూ కాదు, వదిలినట్టూ కాదు. మనిషిని పెట్టుకుంటే జీతం మనం ఇద్దాం. అయితే చెయ్యి మారితే గేదె చేపదు. కాబట్టి బయల్దేరడానికి పదిహేను రోజుల ముందే ఆ మనిషి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని పిండటం మొదలుపెట్టాలి.

మూడోది, పనిని తేలిక చేసే వస్తువులు. మేత ముక్కలు కోసే మిషను ఉంటే గడ్డి వృథా తగ్గుతుంది. పాకలోకి నీళ్ళ గొట్టం, జారకుండా రబ్బరు పరుపు, ఇవన్నీ మన టిక్కెట్టు ఖర్చులో కొంత భాగానికి వస్తాయి. పశువుకి బీమా చేయిస్తే చెవికి నంబరు బిళ్ళ వేస్తారు. అది ఊడిపోతే వెంటనే తెలియజెయ్యాలి, లేకపోతే డబ్బు రాదు. పశువుల వైద్యం బండికి 1962 అనే నంబరు ఉంది. పాక గోడ మీద పెద్ద అంకెలతో రాయించండి.

వచ్చే ఆదివారం ఊరికి ఫోను చేసినప్పుడు “ఎప్పుడొస్తారు?” అని అడిగే ముందు, “గేదె ఎప్పుడు ఈనుతుంది?” అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకి నాన్న ఇచ్చే జవాబు చాలా పొడుగ్గా ఉంటుంది. అందులోనే ప్రయాణం తేదీ కూడా దొరుకుతుందని మా నమ్మకం. మీ మీ ఇళ్ళల్లో ఈ చిక్కుని ఎలా దాటారో నాలుగు ముక్కలు రాసి పంపితే, తరువాతి సంచికల్లో అందరికీ అందజేస్తాం. ఉంటాం మరి.