పిల్లి దగ్గు

కార్తీక మాసపు వానలు పట్టగానే మన ధర్మపురి పెరళ్ళలో నత్తలు గోడలెక్కుతవి. ఆపైన నెలకో రెండు నెలలకో ఇంటి పిల్లి మెడ చాచి పొడిదగ్గు దగ్గితే, వెంట్రుకలు మ్రింగినదని వదలివేయుట మేమెరిగిన ఇళ్ళలో మామూలు. అదియే కావచ్చును, ఉబ్బసమూ కావచ్చును. కాని పిల్లి ఊపిరితిత్తులలో కాపురముండే పురుగు ఒకటున్నది. దాని దగ్గూ ఇట్లే ఉంటుంది.

పిల్లి దగ్గినపుడు పిల్లపురుగులు గొంతుకెక్కి, మ్రింగుడుపడి, మలముతో బయటపడతవి. అక్కడనుండి నత్తలో జొరబడి పెరుగుతవి. నత్తను తిన్న ఎలుకనో, కప్పనో, బల్లినో పిల్లి తిన్నదంటే మళ్ళీ ఊపిరితిత్తులకే చేరుతవి. కనుక పాలు త్రాగి పడుకొనే పిల్లికంటె ఎలుకలు పట్టే పిల్లికే ఆపద ఎక్కువ. పనిచేసేవానికే పాట్లు, మా గుమాస్తాల సంగతీ అంతే! కుక్కలకు వచ్చేవి వేరు జాతి పురుగులు. వానిలో ముఖ్యమైనదానికీ నత్తయే మూలము.

చిక్కేమనగా, మామూలు మల పరీక్షలో గ్రుడ్లకోసము చూస్తారు. ఈ పురుగు గ్రుడ్లు బయటకు రావు. మలమును పలుచని గుడ్డలో కట్టి గోరువెచ్చని నీటిలో రాత్రంతా వ్రేలాడదీస్తే పిల్లపురుగులు అడుగుకు దిగుతవి. నేటి ఇండొనేషియాలో పనిచేసిన బేర్మన్ అను వైద్యుడు 1917లో మట్టిలోని పురుగులకోసము చెప్పిన ఉపాయమిది. పశువైద్యుని ఈ పరీక్షయే అడుగవలెను. ఫెన్‌బెండజోల్ మందు వరుసగా కొన్ని రోజులు పడవలెను. మోతాదు ఆయన చెప్పినదే.

జాలిపడి మన జ్వరపు మాత్ర పారాసెటమాల్ ముక్క మాత్రము పాలలో కలుపరాదు. పిల్లికది విషము, ప్రాణమే పోవచ్చును. ఆసుపత్రికి ఆనాటి మలమునే చిన్న సీసాలో తీసుకొని పోవలెను, ఎండినది పనికిరాదు.